గెటిస్‌బర్గ్‌లో ఒక్కడే చనిపోతే పారిపోయినట్టేనా? ఇల్లినాయ్ 8వ అశ్వదళం గురించి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. నేపర్‌విల్‌లో ఉంటున్నారు. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని గెటిస్‌బర్గ్ వెళ్ళారు. ఊరికి పడమరగా చాంబర్స్‌బర్గ్ రోడ్డు పక్కన చిన్న రాతి స్తంభం చూశారు. 1863 జులై 1న ఉదయం 7.30కి ఇక్కడే మొదటి తూటా పేలిందని, పేల్చింది ఇల్లినాయ్ 8వ అశ్వదళం వాడని దాని మీద చెక్కి ఉంది. మీ పక్కనున్నాయన, "ఈ రెజిమెంట్‌లో ఇక్కడ పోయింది ఒక్కడే. నాలుగు తూటాలు పేల్చి వెనక్కి పరుగెత్తారు. దానికి రాయి కూడానా?" అన్నాడు. ఆయన మాట నిజమేనా, ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అమెరికా అంతర్యుద్ధం నడిచిన నాలుగేళ్ళూ ఈ ఉత్తరాది వాలంటీర్ రౌతులు చేసిందేమిటి అని మీ ప్రశ్న.

ఆయన చెప్పిన అంకె నిజం. ఆ రోజు ఆ రెజిమెంట్‌లో చనిపోయింది ఒక్కడే, 'ఇ' కంపెనీకి చెందిన డేవిడ్ డిఫెన్‌బా. అయిదుగురు గాయపడ్డారు, ఒకడు కనిపించకుండా పోయాడు. అంకె సరైనదే గానీ ఆయన దాని నుంచి తీసిన అర్థం తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే గుర్రాల దగ్గర మొదలుపెట్టాలి.

నేను పశువుల డాక్టర్ని. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివేటప్పుడు ఎన్‌సీసీ గుర్రపు దళంలో ఉన్నాను. ఉద్యోగమంతా చిత్తూరు జిల్లాలోనే గడిచింది. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరికి అరోరా వచ్చి పన్నెండేళ్ళయింది. మన వెంకటేశ్వరస్వామి గుడికి దగ్గర్లో పారే ఫాక్స్ నది ఒడ్డునే, కాస్త ఉత్తరాన సెయింట్ చార్లెస్ అనే ఊళ్ళో ఈ రెజిమెంట్ పుట్టిందని తెలిసినప్పటి నుంచి దీని గురించి చదువుతూనే ఉన్నాను. ఇక్కడి పుస్తకాల్లో సేనాధిపతుల గురించి కావలసినంత ఉంటుంది. గుర్రానికి ఆ పూట దాణా దొరికిందా లేదా అన్నది మాత్రం వెతికి పట్టుకోవాలి.

1861లో జాన్ ఫార్న్స్‌వర్త్ అనే వకీలు, అప్పటికే కాంగ్రెస్ సభ్యుడుగా చేసినవాడు, సెయింట్ చార్లెస్‌లో మనుషుల్ని కూడగట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళ రైతు బిడ్డలు, కమ్మరులు, గుమాస్తాలు, బడిపంతుళ్ళు వచ్చి చేరారు. సెప్టెంబర్ 18న ప్రభుత్వ సేవలోకి ప్రమాణం చేశారు. పన్నెండు కంపెనీలు, వెయ్యిమందికి పైగా మనుషులు. అక్టోబర్‌లో వాషింగ్టన్ చేరి అధ్యక్ష భవనం ముందుగా కవాతు చేస్తుంటే లింకన్ చూసి "ఫార్న్స్‌వర్త్ గారి పెద్ద బానిసత్వ నిర్మూలన రెజిమెంట్" అని పిలిచాడట. ఫార్న్స్‌వర్త్ బానిసత్వానికి బద్ధవిరోధి, లింకన్‌కు స్నేహితుడు. ఆ పేరు రెజిమెంట్‌కు నిలిచిపోయింది. ఊరికే నిలవలేదు కూడా. 1863 మే నెలాఖరులో పొటొమాక్, రాపహానక్ నదుల మధ్యనున్న నార్తర్న్ నెక్ ప్రాంతానికి వీళ్ళను పంపారు. తిరిగి వచ్చేటప్పుడు వందలమంది బానిసలు తమ యజమానుల పొలాలు వదిలి, దొరికిన బండ్లెక్కి, వీళ్ళ వెంట వచ్చేశారు. నా దృష్టిలో ఈ రెజిమెంట్ చేసిన పనులన్నిటిలోకీ పెద్దది ఇదే. దీనికి మాత్రం రోడ్డు పక్కన రాయి లేదు.

మళ్ళీ గుర్రాల దగ్గరికొస్తాను. "రౌతు కొద్దీ గుర్రం" అంటాం కదా. దక్షిణాది కాన్ఫెడరేట్ రౌతు తన సొంత గుర్రంతో వచ్చేవాడు. ప్రభుత్వం దానికి రోజుకు 40 సెంట్లు అద్దె ఇచ్చేది. గుర్రం పోరులో చస్తే వెల కట్టి ఇచ్చేవారు. జబ్బుతోనో అలసటతోనో చస్తే మాత్రం ఆ నష్టం అతడిదే, ఇంటికి పోయి ఇంకోటి తెచ్చుకోవాలి. కాబట్టి దాన్ని కంటికి రెప్పలా చూసుకునేవాడు. ఉత్తరాది వాలంటీర్‌కు ప్రభుత్వమే గుర్రం ఇచ్చేది. మొదటి ఏడాది ఆ గుర్రాలు పడ్డ బాధ చదువుతుంటే నాకు చేతులు వణుకుతాయి. పొలం దున్నిన కుర్రాడికి గుర్రం తెలుసు గానీ రోజుకు ముప్ఫయి మైళ్ళు, ఆయుధాలతో, తడిసిన దుప్పటితో, జీను దించకుండా నడిపితే దాని వీపు ఏమవుతుందో తెలియదు. జీను కింద దుప్పటి ఒక్క మడత పడితే చాలు, సాయంత్రానికి పుండు. ఆ పుండు మానడానికి మూడు నాలుగు వారాలు. అన్నాళ్ళూ ఆ రౌతు కాలినడకన పోవాల్సిందే.

మేత లెక్క చూడండి. గుర్రానికి రోజుకు 14 పౌన్ల ఎండుగడ్డి, 12 పౌన్ల గింజలు ఇవ్వాలని సైన్యం నిబంధన. రెండూ కలిపితే మన లెక్కలో దాదాపు 12 కిలోలు. మా తాతల నాడు జట్కా గుర్రానికి ఉలవ గుగ్గిళ్ళు పెట్టినట్టు వీళ్ళు ఓట్స్ గింజలు, మొక్కజొన్న పెట్టేవారు. వెయ్యి గుర్రాలంటే రోజుకు 12 టన్నులు, అంటే ప్రతి ఉదయం ఒక లారీ లోడు. అది కూడా లారీ లేని కాలంలో, వర్జీనియా బురద దారుల్లో. గడ్డి బళ్ళు వెనకబడిపోతే గుర్రాలు చెట్ల బెరడు కొరుక్కుతినేవి, ఒకదాని తోక వెంట్రుకలు ఒకటి నమిలేవి.

1862 శరత్కాలంలో ఉత్తరాది వాళ్ళ పొటొమాక్ సైన్యంలో వేల గుర్రాలు పనికిరాకుండా పోయాయి. నాలుక మీద, నోట్లో పుండ్లు, మడమల దగ్గర చర్మం పగిలి రసి కారడం. నోటి జబ్బు లక్షణాలు చూస్తే వెసిక్యులర్ స్టొమటైటిస్ అనే వైరస్ జబ్బు అనిపిస్తుంది. చాలామంది పశువైద్యులు కూడా అదే అనుకుంటారు. గుర్రాలు అలసిపోయాయని మెక్లెల్లన్ సేనాపతి రాస్తే, యాంటీటమ్ యుద్ధం తర్వాత మీ గుర్రాలు అంత అలసిపోయే పని ఏం చేశాయని లింకన్ తిరిగి టెలిగ్రామ్ కొట్టాడు. లింకన్ అంటే నాకు ఎంత గౌరవమున్నా, ఆ ఒక్క టెలిగ్రామ్ విషయంలో నేను గుర్రాల పక్షం. పదాతి దళాలు గుడారాల్లో విశ్రాంతి తీసుకున్నప్పుడు కూడా గుర్రపు దళం పొద్దున్నే కాపలాకు బయలుదేరాల్సిందే. నదీ తీరాలు, అడవి దారులు, కూడళ్ళు అన్నీ వీళ్ళవే. ఒక్కో రెజిమెంట్‌కు ఒక్క పశువైద్యుడుండాలని చట్టం వచ్చింది 1863 మార్చిలో. అంటే యుద్ధం మొదలైన దాదాపు రెండేళ్ళకు! జీతం నెలకు 75 డాలర్లు. అప్పటిదాకా లాడాలు కొట్టే కమ్మరే డాక్టరు.

మనుషులకూ అదే గతి. మొదటి చలికాలం అలెగ్జాండ్రియా దగ్గర బురదలో దిగినప్పుడు జ్వరాలు కమ్ముకున్నాయి. నాలుగేళ్ళ లెక్క మొత్తం తీస్తే ఈ రెజిమెంట్‌లో తూటాలకూ కత్తులకూ పోయినవాళ్ళు 7గురు అధికారులు, 68 మంది సిపాయిలు. జబ్బులకు పోయినవాళ్ళు ఒక అధికారి, 174 మంది సిపాయిలు. తూటా కంటే టైఫాయిడ్, విరేచనాలు రెట్టింపు మందిని తీసుకుపోయాయి. ఆ యుద్ధంలో చాలా రెజిమెంట్ల కథ ఇంతే.

ఇక పోరాటం. సినిమాల్లో చూపించినట్టు కత్తులు దూసి దూకడాలు లేవని కాదు. 1862 సెప్టెంబర్ 15న, యాంటీటమ్‌కు రెండు రోజుల ముందు, బూన్స్‌బరో అనే చిన్న ఊరి వీధుల్లో వీళ్ళు వర్జీనియా 9వ అశ్వదళం మీద అలాగే పడ్డారు. ఆ తోపులాటలో దక్షిణాది సేనాధిపతి రాబర్ట్ లీ కొడుకు రూనీ లీ గుర్రం మీద నుంచి కిందపడ్డాడు. 1863 జూన్ 9న బ్రాందీ స్టేషన్ దగ్గర తెల్లవారకముందే బెవర్లీ రేవు దాటి శత్రువు గుడారాల మీదికి వెళ్ళిన దళంలో వీళ్ళున్నారు. ముందు నడిచిన బ్రిగేడ్ (కొన్ని రెజిమెంట్ల కూటమి) నాయకుడు బెంజమిన్ డేవిస్ నేలకొరిగాడు. ఆ వెనకే రెజిమెంట్‌ను నడుపుతున్న ఆల్ఫియస్ క్లార్క్‌కు తగిలిన గాయం తర్వాత ప్రాణం తీసింది. రెండు పక్షాలూ కలిపి దాదాపు 20,000 మంది తలపడ్డ పోరు అది, ఆ ఖండం మీద జరిగిన గుర్రపు యుద్ధాల్లో అన్నిటికంటే పెద్దది. అన్నాళ్ళూ తమకంటే మెరుగైన రౌతులనుకున్న దక్షిణాది నాయకుడు స్టూవర్ట్ దళంతో రోజంతా సమానంగా నిలవగలమని ఉత్తరాది కుర్రాళ్ళకు అక్కడే నమ్మకం కుదిరింది. రెండేళ్ళలో వాళ్ళు గుర్రాన్ని నేర్చుకున్నారు, గుర్రం వాళ్ళను నేర్చుకుంది.

అయినా రెజిమెంట్ అసలు పని కత్తి పని కాదు. శత్రువు ఎక్కడున్నాడో చూడాలి, ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి, వెనకున్న పదాతి దళం వచ్చేదాకా వాణ్ణి ఆలస్యం చేయాలి. ఆలస్యం చేయడంలో నేర్పు ఏమిటంటే చావకుండా చేయడం. నిలబడి చస్తే శత్రువు ఆ శవాలు దాటుకుని ముందుకు పోతాడు. ఒక గట్టు మీద నుంచి కాల్చి, వాడు బారులు తీర్చుకునే లోపు ఇంకో గట్టుకు జరిగి మళ్ళీ కాలిస్తే, వాడు ప్రతిసారీ ఆగి బారులు తీర్చుకోవాలి. మీ పక్కనున్నాయన పరుగు అన్నది దీన్నే.

జూన్ 30న ఉత్తరాది అశ్వదళ సేనాని జాన్ బ్యూఫర్డ్ రెండు బ్రిగేడ్లతో గెటిస్‌బర్గ్ చేరాడు. మొత్తం మూడు వేలకు లోపే. విలియం గ్యాంబుల్ నడిపే బ్రిగేడ్‌లో మన 8వ ఇల్లినాయ్ ఉంది. ఆ రోజు రెజిమెంట్ మేజర్ జాన్ బెవరిడ్జ్ చేతిలో ఉంది (పదేళ్ళ తర్వాత ఈయన ఇల్లినాయ్ గవర్నర్ అయ్యాడు). మొదట్లో వెయ్యికి పైగా ఉన్న రెజిమెంట్‌లో ఆ రోజు జీను మీద కూర్చోగలిగినవాళ్ళు అయిదువందలకు లోపే. మిగతావాళ్ళు ఆస్పత్రుల్లో, సమాధుల్లో, గుర్రాల్లేక డిపోల్లో.

తెల్లవారాక కొన్ని మైళ్ళ పొడవునా కాపలా బృందాలు పరుచుకున్నాయి. చాంబర్స్‌బర్గ్ రోడ్డు మీది బృందం లెఫ్టినెంట్ మార్సెలస్ జోన్స్‌ది. మార్ష్ క్రీక్ వంతెన దగ్గర దుమ్ము లేచింది. దుమ్ములోంచి బూడిదరంగు దుస్తుల దక్షిణాది బారు కనిపించింది. జోన్స్ తన సార్జెంట్ లీవై షేఫర్ కార్బైన్ (రౌతుల పొట్టి తుపాకీ) అడిగి తీసుకుని, కంచె కర్ర మీద ఆనించి, గుర్రం మీదున్న ఒక అధికారి వైపు గురిపెట్టి కాల్చాడు. అంత దూరానికి కార్బైన్ గురి అందదు. ఎవరికీ తగల్లేదు. న్యూయార్క్ 9వ అశ్వదళం వాళ్ళు అంతకు ముందే తమ అల్ఫాన్స్ హాడ్జెస్ కాల్చాడని అంటారు. ఈ తగువు నూట అరవై ఏళ్ళుగా తెగలేదు, తెగకపోయినా పరవాలేదు.

పట్టించుకోవలసింది తర్వాతి రెండు గంటలు. ఎదురుగా వస్తున్నది హెత్ అనే దక్షిణాది సేనాధిపతి డివిజన్, దాదాపు ఏడు వేలమంది పదాతి. వీళ్ళ చేతుల్లో ఒక్కో తూటా నింపుకునే కార్బైన్లు. ఏడు తూటాల స్పెన్సర్ తుపాకులున్నాయని చాలామంది రాస్తారు. ఆ ఉదయం బ్యూఫర్డ్ మనుషుల దగ్గర అవి లేవు. వెనక నుంచి నింపే తుపాకీ కావడం వల్ల పడుకుని కూడా నింపుకోవచ్చు, అదొక్కటే వీళ్ళ అనుకూలత. దానికి తోడు గుర్రం దిగి పోరాడాలంటే ప్రతి నలుగురిలో ఒకడు మిగతా ముగ్గురి గుర్రాలు పట్టుకుని వెనక నిలబడాలి. వందమంది ఉన్నచోట కాల్చేది డెబ్భయి అయిదుమందే.

ఈ నాలుగోవాడి పని తేలికనుకోకండి. ఎన్‌సీసీలో ఉండగా దీపావళి ముందురోజు నేను నాలుగు గుర్రాల పగ్గాలు పట్టుకుని నిలబడి ఉంటే ఎవరో పక్క వీధిలో లక్ష్మీ బాంబు పేల్చారు. ఒకటి నిలువునా లేచింది, మిగతా మూడూ మూడు దిక్కులకు లాగాయి. నా కుడి భుజం వారం రోజులు పైకి లేవలేదు. ఒక్క టపాకాయకే అంత. ఈ కుర్రాళ్ళు ఫిరంగుల మోత మధ్య గంటలకొద్దీ అలా పట్టుకుని నిలబడ్డారు. గుర్రాలు చెదిరితే ముందున్న ముగ్గురికీ వెనక్కి వచ్చే దారి లేదు.

రాయి ఉన్న గట్టు నుంచి ఊరికి దగ్గరున్న మెక్‌ఫర్సన్ గట్టు దాకా రెండు మైళ్ళ లోపే. మామూలుగా పదాతి దళం ముప్పావుగంటలో నడిచిపోయే దూరం. హెత్ మనుషులకు రెండు గంటలకు పైనే పట్టింది. ప్రతి కంచె వెనక, ప్రతి చెట్ల గుంపు వెనక ఎంతమంది ఉన్నారో తెలియక వాళ్ళు ఆగారు, రోడ్డు దిగి పొలాల్లో బారులు తీర్చారు, మళ్ళీ కదిలారు. పది గంటల ప్రాంతంలో ఉత్తరాది జనరల్ రేనాల్డ్స్ పదాతి దళం పరుగున వచ్చి చేరింది. రేనాల్డ్స్ కాసేపటికే తూటాకు కూలిపోయాడు. కానీ ఊరి వెనక ఉన్న ఎత్తైన గట్లు ఉత్తరాది చేతికి దక్కాయి. తర్వాతి రెండు రోజుల యుద్ధం ఆ గట్ల మీదే జరిగింది. ఆ రెండు గంటలకు 8వ ఇల్లినాయ్ చెల్లించిన ధర ఒక ప్రాణం, అయిదు గాయాలు. నేను దీన్ని పనితనం అంటాను. మధ్యాహ్నం పదాతి దళం వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడు బెవరిడ్జ్ తన మనుషుల్ని ఫెయిర్‌ఫీల్డ్ రోడ్డు వైపు గుర్రాల మీదనే ముందుకు నడిపి, ఇప్పుడే మీదపడతామన్నట్టు చూపించి ఆ పక్క శత్రువును నెమ్మదింపజేశాడు. అక్కడా అదే విద్య.

ఈ విద్య తెలియని పెద్దల చేతిలో పడితే ఏమవుతుందో ఇదే రెజిమెంట్ బిడ్డ ఒకడి కథ చెబుతుంది. రెజిమెంట్‌ను కూడగట్టిన ఫార్న్స్‌వర్త్‌కు సోదరుడి కొడుకైన ఎలన్ 8వ ఇల్లినాయ్‌లో కెప్టెన్. 25 ఏళ్ళవాడు. జూన్ నెలాఖరులో కస్టర్ అనే ఇంకో కుర్ర అధికారితో పాటు ఒక్కసారిగా బ్రిగేడియర్ జనరల్‌ను చేశారు. జులై 3 సాయంత్రం, ప్రధాన పోరు అయిపోయాక, రాళ్ళూ చెట్లూ నిండిన నేల మీద, రాతిగోడల వెనకున్న పదాతి మీదికి గుర్రాలతో దూకమని పై అధికారి కిల్‌పాట్రిక్ ఆజ్ఞాపించాడు. అది పనికిరాదని ఎలన్‌కు తెలుసు. అయినా వెళ్ళాడు, తిరిగి రాలేదు. నేను గెటిస్‌బర్గ్ వెళ్ళిన ప్రతిసారీ ఆ చోటికి పోతాను. ఆ రాళ్ళ మీద గుర్రాన్ని నడిపించడానికే మనసొప్పదు, పరుగెత్తించడం మాట అలా ఉంచండి. మూడు రోజుల యుద్ధం ముగిసేసరికి వేల గుర్రాల కళేబరాలు ఆ పొలాల్లో పడి ఉన్నాయి. ఊరివాళ్ళు వారాల తరబడి కాల్చారు.

మూడు రోజుల తర్వాత విలియమ్స్‌పోర్ట్ దగ్గర రెజిమెంట్ మేజర్ విలియం మెడిల్‌కు ప్రాణాంతకమైన గాయమైంది. షికాగో ట్రిబ్యూన్ సంపాదకుడు జోసెఫ్ మెడిల్‌కు ఈయన తమ్ముడు. గెటిస్‌బర్గ్‌లో ఒక్కడే పోయాడని లెక్క కట్టినప్పుడు ఆ వెంటనే లీ సైన్యాన్ని తరుముతూ పోయినవాళ్ళను కూడా కలుపుకోవాలి.

1864 మొదట్లో మూడేళ్ళ గడువు తీరబోతుండగా చాలామంది మళ్ళీ సంతకం పెట్టారు. ఆ జులైలో రెజిమెంట్‌లోని అయిదు కంపెనీలు, 230 మంది, లెఫ్టినెంట్ కర్నల్ డేవిడ్ క్లెండెనిన్ వెంట మేరీల్యాండ్ వెళ్ళాయి. జూబల్ ఎర్లీ దక్షిణాది సైన్యంతో వాషింగ్టన్ మీదికి వస్తున్నాడు. రాజధాని కోటల్లో చాలినంత సైన్యం లేదు. క్లెండెనిన్ మనుషులు 7వ తేదీన మిడిల్‌టౌన్ దగ్గర ఎర్లీ ముందు దళాన్ని తాకి, అక్కడి నుంచి ఫ్రెడరిక్ దాకా గట్టు గట్టుకూ ఆగుతూ వెనక్కి వచ్చారు. 9న మొనాకసీ నది దగ్గర ఉత్తరాది జనరల్ ల్యూ వాలెస్ చిన్న సైన్యం ఓడిపోయింది గానీ ఎర్లీకి ఒక రోజు పోయింది. వెనక్కి తగ్గుతూ అర్బానా దగ్గర వీళ్ళు తమను తరుముతూ వచ్చిన వర్జీనియా 17వ అశ్వదళం జెండానే లాక్కున్నారు. ఎర్లీ రాజధాని ముందుకొచ్చేసరికి ఉత్తరాది సర్వసేనాని గ్రాంట్ పంపిన దళాలు పడవలు దిగుతున్నాయి. గెటిస్‌బర్గ్‌లో రెండు గంటలు, మొనాకసీలో ఒక రోజు. ఈ రెజిమెంట్ దేశానికి సంపాదించి పెట్టింది సమయమే.

లింకన్ హత్య జరిగాక హంతకుడు బూత్ కోసం మేరీల్యాండ్‌లో గాలించిన దళాల్లోనూ వీళ్ళున్నారు. అతన్ని పట్టుకున్నది మాత్రం న్యూయార్క్ 16వ అశ్వదళం. కుట్రదారుల్ని విచారించిన తొమ్మిదిమంది సైనిక న్యాయమండలిలో క్లెండెనిన్ ఒకడు. 1865 జులై 17న రెజిమెంట్‌ను రద్దు చేశారు.

ఇంకో మాట, మీది నేపర్‌విల్ కాబట్టి. మీరు చూసిన ఆ స్తంభం రాయి మీ ఊరి గనిదే. 1886లో జోన్స్, షేఫర్, ఇంకో స్నేహితుడు కలిసి దాన్ని అక్కడికి చేర్చి నిలబెట్టారు. జోన్స్ యుద్ధం తర్వాత మీకు పక్కనే వీటన్‌లో స్థిరపడ్డాడు. సెయింట్ చార్లెస్‌లో వాళ్ళు గుడారాలు వేసుకున్న క్యాంప్ కేన్ స్థలం ఇప్పుడు నది ఒడ్డున పార్కుగా ఉంది. ఒక ఆదివారం పిల్లలతో వెళ్ళిరండి. మళ్ళీ గెటిస్‌బర్గ్ వెళ్ళినప్పుడు మాత్రం కారు ఆ రాయి దగ్గర ఆపి, ఒకరిని కారు తీసుకుని మెక్‌ఫర్సన్ గట్టు దగ్గరికి పొమ్మని, మీరూ పిల్లలూ జాగ్రత్తగా రోడ్డు అంచున నడవండి. బండ్లు వేగంగా పోతుంటాయి. ఎక్కడెక్కడ నేల పైకి లేస్తుందో పిల్లలతో లెక్కపెట్టించండి. ప్రతి ఎత్తు మీదా ఒక్క నిమిషం ఆగి వెనక్కి తిరిగి పడమటి వైపు చూడండి.